నేరంతో ముడిపడిన ఆస్తుల జప్తు: కోర్టుల్లో సవాళ్లు

నేరం వల్ల వచ్చిందనో, నేరానికి వాడారనో ప్రభుత్వ సంస్థ ఒక ఆస్తిని పట్టుకుంటే, దాన్ని విడిపించుకోవడానికి యజమానో, దాని మీద హక్కున్న మరొకరో కోర్టుకెక్కుతారు. ఈ వ్యాసం అలాంటి వ్యాజ్యాల గురించి. అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి చూస్తే ఈ వ్యవహారం తేటగా అర్థమవుతుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే కరువు సీమలో, పెన్నా ఒడ్డున ఉన్న ఊరిది. నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి సరుకు మోసే లారీలు ఇక్కడి బతుకుతెరువు. తడి ఉన్న ఊళ్లో మాగాణి ఎలాగో ఇక్కడ లారీ అలాంటి ఆస్తి. ఇసుక ట్రాక్టరు నుంచి కోట్ల విలువైన స్థిరాస్తుల దాకా, జప్తు అన్నది ఎన్ని రకాలుగా ఉంటుందో అన్నీ ఈ చుట్టుపక్కలే కనిపిస్తాయి.

మనిషి మీద కేసు వేరు, ఆస్తి మీద కేసు వేరు. ఈ సంగతి చాలామందికి నోటీసు చేతికందాకే తెలుస్తుంది. నిందితుడికి బెయిలు వచ్చినంత మాత్రాన బండి రాదు. నేరం రుజువు కాకముందే ఇంటిపత్రాల మీద నిషేధం పడవచ్చు. ఏ నేరమూ మోపని భార్యకో, కొడుక్కో, అప్పిచ్చిన బ్యాంకుకో కూడా నోటీసు రావచ్చు. రెండు కేసులకూ కోర్టులు వేరు, గడువులు వేరు. రుజువు చేయాల్సిన భారం కూడా ఒకేలా ఉండదు.

తాడిపత్రి లారీల కేసు

బీఎస్-3 కాలుష్య ప్రమాణాల వాహనాలను 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదని, రిజిస్టర్ చేయకూడదని సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చి 29న ఆదేశించింది. అప్పటికి కంపెనీల దగ్గర ద్విచక్ర వాహనాలతో కలిపి 8 లక్షలకు పైగా బండ్లు అమ్ముడుపోకుండా ఉన్నాయి. తాడిపత్రి మాజీ ఎమ్మెల్యే జేసీ ప్రభాకర్ రెడ్డికి, ఆయన కుటుంబానికి సంబంధించిన సంస్థలు అశోక్ లేలాండ్ నుంచి ఇలాంటి వాహనాలను తక్కువ ధరకు కొన్నాయని, నకిలీ ఇన్వాయిస్‌లతో వాటిని బీఎస్-4గా చూపించి ఎక్కువ భాగం నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించాయని ఆరోపణ వచ్చింది. పోలీసులు కేసులు పెట్టారు. 2020 జూన్‌లో ప్రభాకర్ రెడ్డినీ, ఆయన కుమారుడు అస్మిత్ రెడ్డినీ అరెస్టు చేశారు. ఆరోపణలను వారు ఖండించారు.

పోలీసు ఎఫ్ఐఆర్‌ల ఆధారంగా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) మనీ లాండరింగ్ కేసు నమోదు చేసింది. 2022 జూన్‌లో సోదాలు జరిగాయి. ఆ ఏడాది నవంబరు నెలాఖరున 22.10 కోట్ల రూపాయల ఆస్తులను తాత్కాలికంగా అటాచ్ చేస్తున్నట్టు ఈడీ ప్రకటించింది. అందులో నగదు, బ్యాంకు నిల్వలు, నగలు, రావలసిన బాకీలు కలిపి 6.31 కోట్లు. మిగిలిన 15.79 కోట్లు 68 స్థిరాస్తుల విలువ. దివాకర్ రోడ్ లైన్స్, జటాధర ఇండస్ట్రీస్, సి.గోపాల్ రెడ్డి అండ్ కంపెనీ, ప్రభాకర్ రెడ్డి కుటుంబ సభ్యుల పేర్లతో అవి ఉన్నాయి. నేరం వల్ల వచ్చిన సొమ్ము అప్పటికి 38.36 కోట్లుగా తేలిందన్నది ఈడీ లెక్క. అటాచ్‌మెంటు అంటే శిక్ష కాదు, నేరం రుజువైనట్టూ కాదు. విచారణ తేలేదాకా ఆస్తి చేతులు మారకుండా ఆపడం మాత్రమే.

ఆపడం అంటే కాగితం మీద ఏం జరుగుతుందో చూడాలి. ఉత్తర్వు ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తుంది. ఆ సర్వే నంబరు మీద అమ్మకం, తనఖా, దానపత్రం ఏదీ రిజిస్టర్ చేయరు. ఇంట్లో ఉన్నవాళ్లు ఉండవచ్చు, పొలం దున్నుకోవచ్చు, అద్దె తీసుకోవచ్చు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం 5వ సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్ ఈ అనుభవ హక్కును కాపాడుతుంది. బ్యాంకు ఖాతా సంగతి అలా కాదు. ఆ రోజు నుంచే డబ్బు కదలదు. డీజిలుకూ డ్రైవర్ల జీతాలకూ రోజూ నగదు తిరగాల్సిన రవాణా వ్యాపారానికి ఇల్లు అటాచ్ కావడం కంటే కరెంటు ఖాతా ఆగడమే పెద్ద దెబ్బ.

ఈడీ ఉత్తర్వును ఎక్కడ సవాలు చేస్తారు

2003 జనవరిలో రాష్ట్రపతి ఆమోదం పొందిన మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. తాత్కాలిక ఉత్తర్వు ఆయుష్షు 180 రోజులు. ఈడీ 30 రోజుల్లోగా ఢిల్లీలోని అడ్జుడికేటింగ్ అథారిటీ ముందు ఫిర్యాదు వేయాలి. అథారిటీ నోటీసిచ్చి యజమానికి కనీసం 30 రోజుల గడువిస్తుంది. 180 రోజుల్లోపు ధ్రువీకరణ జరగకపోతే అటాచ్‌మెంటు దానంతటదే పోతుంది. జరిగితే 45 రోజుల్లో అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు, అక్కడా ఓడితే 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. తాడిపత్రి మనిషికైతే ఆ హైకోర్టు అమరావతిలో ఉంటుంది. నేరవిచారణ మాత్రం వేరుగా ప్రత్యేక కోర్టులో నడుస్తుంది. 22 కోట్లవాడికి ఢిల్లీ, అమరావతి తిరగడం ఇబ్బంది. 22 లక్షలవాడికి లాయరు ఫీజుకే ఆస్తి కరిగిపోతుంది.

నోటీసులో ప్రధానంగా ఉండే ప్రశ్న ఒకటే: ఏ ఆదాయంతో, ఏ సంపాదనతో దీన్ని కొన్నారు? జవాబు చెప్పాల్సింది యజమానే. రాయలసీమలో చిక్కు ఇక్కడే వస్తుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి లెక్కలు రాసే అలవాటు తక్కువ. ఆడపిల్లకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమికి చాలా ఇళ్లలో నోటిమాట తప్ప దస్తావేజు ఉండదు. వేరుశనగ మీద మిగిలిన డబ్బుతో ప్లాటు కొన్నామంటే, అనంతపురం మెట్టలో ఆ ఏడాది పంట ఎంత పండిందని అధికారి అడుగుతాడు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. కానీ నిజంగా పండించినవాడికీ, పండించానని చెప్పేవాడికీ మధ్య తేడాను కాగితం తప్ప మరేదీ చూపించలేకపోవడం ఈ విచారణలకున్న పెద్ద లోటు.

యజమానుల వాదనలు ఎక్కువగా కొన్ని దారుల్లోనే నడుస్తాయి. ఇది నేరం సొమ్మే అని నమ్మడానికి కారణాన్ని అధికారి రాతపూర్వకంగా నమోదు చేయలేదన్నది ఒకటి. గడువు దాటిందన్నది మరొకటి. అన్నింటికంటే బలంగా వినిపించే వాదన, నేరం జరిగిందంటున్న తేదీకి ముందే ఆస్తి కొన్నామని. 2023 నవంబరు 29న పవనా డిబ్బూర్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనకు ఊతమిచ్చింది. ఆరోపించిన నేరానికి ముందే కొన్న ఆస్తిని ఆ నేరం వల్ల వచ్చిన సొమ్ము అనలేమంది. అయితే చట్టంలోని నిర్వచనంలో నేరం సొమ్ముకు సమానమైన విలువ గల ఆస్తి అన్న మాట కూడా ఉంది. అసలు సొమ్ము దొరకనప్పుడు దానికి బదులు మరో ఆస్తిని, అది పాతదైనా సరే, పట్టుకోవచ్చా అన్న వివాదం ఈ మాట చుట్టూనే తిరుగుతోంది. ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో యాక్సిస్ బ్యాంకు కేసులో కొన్ని షరతులతో పట్టుకోవచ్చంది. సదుద్దేశంతో ముందే తనఖా పెట్టించుకున్న బ్యాంకు హక్కు పోదని కూడా చెప్పింది.

సత్యం చూపిన రెండు ముఖాలు

ఈ చట్టం మీద దేశంలో తొలినాళ్లలో వచ్చిన గట్టి తీర్పుల్లో ఒకటి హైదరాబాదు నుంచే వచ్చింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డాక ఆ సంస్థ అధిపతి రామలింగరాజు కుటుంబానికి సంబంధించిన ఆస్తుల అటాచ్‌మెంటు మీద వేసిన రిట్లను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011లో కొట్టేసింది. బి.రామరాజు కేసుగా న్యాయవాదులు నేటికీ ఉదహరించే తీర్పిది. నేరారోపణ లేని మనిషి చేతిలో ఉన్న ఆస్తినైనా అటాచ్ చేయవచ్చని, చట్టం రాకముందు సంపాదించినదీ దీనికి మినహాయింపు కాదని, ఆదాయ మార్గం చూపించే భారాన్ని యజమాని మీద పెట్టడం రాజ్యాంగ విరుద్ధం కాదని ఆ ధర్మాసనం తేల్చింది. ప్రభుత్వం తరఫు న్యాయవాదులకు దొరికిన పదునైన ఆయుధం ఇది.

అదే కుంభకోణంలో రెండో కథ వేరుగా ముగిసింది. సత్యాన్ని మహీంద్రా సంస్థ కొన్న తర్వాత, 2012 అక్టోబరు 18న కంపెనీ ఫిక్స్‌డ్ డిపాజిట్లను 822 కోట్ల రూపాయల మేర ఈడీ అటాచ్ చేసింది. మోసపోయింది తామేననీ, పాత యాజమాన్యం చేసిన తప్పుకు కొత్త యాజమాన్యం డబ్బు ఆపడమేమిటనీ కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. మధ్యలో స్టే దొరికింది. 2018 డిసెంబరు 31న, అంటే ఉమ్మడి హైకోర్టు రెండుగా విడిపోయే ముందురోజు, ఆ అటాచ్‌మెంటును కోర్టు రద్దు చేసింది. ఆరేళ్లు పట్టింది. ఫిక్స్‌డ్ డిపాజిట్టు గనక పాడవలేదు. లారీ అయితే ఆరేళ్లకు ఇనప తుక్కుగా మిగిలేది.

2022 జూలై 27న విజయ్ మదన్‌లాల్ చౌధరి కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మనీ లాండరింగ్ చట్టంలోని ప్రధాన నిబంధనలన్నింటినీ సమర్థించింది. పిటిషనర్లకు దక్కినవి రెండు మాటలు. మనీ లాండరింగ్‌కు ఆధారమైన మూలనేరం కేసులో నిందితుడు నిర్దోషిగా బయటపడితే, లేదా ఆ కేసును కోర్టు కొట్టేస్తే, మనీ లాండరింగ్ కేసు నిలవదు. తుది జప్తు కాకముందే ఇంట్లోవాళ్లను ఖాళీ చేయించడం అరుదుగా మాత్రమే జరగాలి. మొదటి మాట వల్ల ఒక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. ఈడీ కేసును కూల్చడానికి ఈడీ మీద పోరాడాల్సిన పని లేదు, కింద ఉన్న పోలీసు ఎఫ్ఐఆర్‌ను హైకోర్టులో కొట్టించుకుంటే చాలు. ఆర్థిక నేరాల న్యాయవాదులు ఇప్పుడు ముందుగా చూసేది ఆ దారినే. ఈ తీర్పును పునఃసమీక్షించాలన్న పిటిషన్ల మీద సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో నోటీసులిచ్చింది.

అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం అక్రమ గనుల తవ్వకం కేసులోనూ ఆస్తి కోసం పోరు నడిచింది, కానీ దాని దారి వేరు. ఆ కేసులో సీబీఐ 2011 సెప్టెంబరులో గనుల యజమాని గాలి జనార్దన రెడ్డిని బళ్లారిలో అరెస్టు చేసినప్పుడు బంగారు ఆభరణాలు స్వాధీనం చేసుకుంది. అవి కుటుంబానివంటూ తిరిగి ఇప్పించమని వేసిన పిటిషన్‌ను తెలంగాణ హైకోర్టు 2025లో తోసిపుచ్చింది. అదే ఏడాది మే 6న హైదరాబాదు సీబీఐ కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది. జూన్‌లో హైకోర్టు ఆ శిక్షను నిలిపివేసింది.

స్టేషను ఆవరణలో బండి

కోట్ల కేసులు పత్రికల్లో వస్తాయి. జనానికి ఎక్కువగా ఎదురయ్యే జప్తు మాత్రం ఒక బండి, ఒక మధ్యవర్తుల నామా, ఒక స్టేషను ఆవరణ. పెన్నాలో అనుమతి లేకుండా ఇసుక తోలిన ట్రాక్టరు, రేషన్ బియ్యం మోసిన ఆటో, గంజాయి మూటలు దొరికిన లారీ అక్కడ ఎండకు నిలబడి ఉంటాయి. టైర్లు నేలకు అంటుకుపోతాయి. బ్యాటరీ మొదటి వేసవిలోనే పోతుంది. సీటు రెక్సిన్ పగిలి స్పాంజి బయటికొస్తుంది. ఫైనాన్స్ కంపెనీ నెలవాయిదా మాత్రం ఆగదు.

2002 అక్టోబరులో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దృశ్యం గురించే మాట్లాడింది. పట్టుకున్న వాహనాలను ఏళ్లకేళ్లు స్టేషన్లలో ఉంచి ప్రయోజనం లేదని, ఫొటోలు తీసి, పంచనామా రాసి, తగిన పూచీకత్తు తీసుకుని యజమానికి అప్పగించాలని చెప్పింది. స్టేషనులో సొత్తు పదిహేను రోజుల నుంచి నెల దాటి ఉండకూడదన్నది ఆ తీర్పు ఆశయం. యజమాని స్థానిక మేజిస్ట్రేటు కోర్టులో తాత్కాలిక కస్టడీకి పిటిషన్ వేస్తాడు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఇద్దరు జామీనుదార్లు, బండి అమ్మననీ, రంగు మార్చననీ, కోర్టు పిలిచినప్పుడు తెచ్చి చూపిస్తాననీ రాసిచ్చిన బాండు కావాలి. తీర్పు వచ్చి ఇరవయ్యేళ్లు దాటినా స్టేషన్ల ఆవరణలు ఖాళీ కాలేదు. తప్పు ఒక్క పోలీసులదే కాదు. విడుదల ఉత్తర్వు వచ్చాక బండిని బాగు చేయించుకునే ఖర్చు దాని విలువను మించితే యజమానే రాడు.

కొన్ని ప్రత్యేక చట్టాల్లో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే పని జరగదు. ఎర్రచందనం కేసుల్లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967లోని 44వ సెక్షన్ కింద అటవీశాఖ అధికారే వాహనాన్ని జప్తు చేయగలడు. యజమాని అప్పీలుకు జిల్లా కోర్టుకు వెళ్లాలి. క్రిమినల్ కేసు తేలకముందే జప్తు చేయవచ్చా అన్న ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండూ వేర్వేరు వ్యవహారాలనీ, ఒకదాని కోసం మరొకటి ఆగనక్కర్లేదనీ 1985లో కోర్టు చెప్పింది. తనకు తెలియకుండా డ్రైవరు దుంగలు ఎక్కించాడని, తాను తీసుకోవలసిన జాగ్రత్తలు తీసుకున్నానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. జీపీఎస్ రికార్డు, ట్రిప్‌షీట్, డ్రైవరుకు ఇచ్చిన రాతపూర్వక సూచనలు ఉంటే వాదనకు బలం వస్తుంది. ఫోనులో చెప్పానంటే కుదరదు.

రేషన్ బియ్యం కేసుల్లో నిత్యావసర సరుకుల చట్టం 6ఏ సెక్షన్ కింద కలెక్టరు జప్తు చేస్తారు, అప్పీలు సెషన్స్ కోర్టుకు. ఈ చట్టంలో ఒక దయగల నిబంధన ఉంది. కిరాయికి తిరిగే వాహనమైతే జప్తుకు బదులు జరిమానా కట్టే అవకాశం యజమానికి ఇవ్వాలి. ఆ జరిమానా కూడా పట్టుబడిన సరుకు మార్కెట్ ధరను మించకూడదు. గంజాయి కేసుల్లో లారీ విడుదలే కుదరదని చాలా కోర్టులు భావిస్తూ వచ్చాయి. 2025 జనవరిలో అస్సాం నుంచి వచ్చిన బిశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు ఆ భావన సరికాదంది. యజమానికీ, అతని మనుషులకూ సంబంధం లేదనిపించినప్పుడు షరతులతో లారీని ఇవ్వవచ్చని చెప్పింది. రవాణా మీద బతికే ఊళ్లకు ఇది పెద్ద ఊరట.

పోలీసుల అధికారం ఎంతవరకు

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 102వ సెక్షన్ కింద అనుమానమున్న ఏ ఆస్తినైనా పోలీసు అధికారి పట్టుకోగలిగేవాడు. బ్యాంకు ఖాతా కూడా అందులోకే వస్తుందని 1999లో తాపస్ నియోగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇల్లు, పొలం మాత్రం రావని 2019 సెప్టెంబరులో నెవాడా ప్రాపర్టీస్ కేసులో చెప్పింది. భూతగాదాలో ఒక పక్షం ఎఫ్ఐఆర్ పెట్టించి ఎదుటివాడి స్థలానికి స్టేషను నుంచి తాళం వేయించే పద్ధతికి ఈ తీర్పు అడ్డుకట్ట. ఫ్యాక్షన్ నడిచిన సీమలో దీని విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షన్ పాత అధికారాన్ని కొనసాగించింది. 107వ సెక్షన్ కొత్తది. ఎస్పీ అనుమతితో దర్యాప్తు అధికారి కోర్టును ఆశ్రయిస్తే, కోర్టు 14 రోజుల గడువుతో నోటీసిచ్చి ఆస్తిని అటాచ్ చేయవచ్చు. అది నేరం సొమ్మేనని తేలితే కలెక్టరు ద్వారా 60 రోజుల్లో బాధితులకు పంచమని ఆదేశించవచ్చు. నేర నిర్ధారణ దాకా ఆగాలన్న షరతు ఈ సెక్షన్‌లో లేదు. బాధితుడికి డబ్బు త్వరగా చేరుతుంది, నిజమే. పంచేశాక నిందితుడు నిర్దోషి అని తేలితే ఏం చేయాలో సెక్షన్ చెప్పదు. ముందుముందు పెద్ద వ్యాజ్యాలు ఇక్కడే పుడతాయని ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

ఇతర దేశాల్లో

అమెరికాలో యజమాని మీద నేరం మోపకుండా వస్తువు మీదే కేసు వేసే పద్ధతి ఉంది. కేసు పేరులో ప్రతివాదిగా డబ్బు మొత్తమో, కారో కనిపిస్తుంది. 2019లో టిమ్స్ వర్సెస్ ఇండియానా కేసులో, గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు ఉన్న నేరానికి దాదాపు 42,000 డాలర్ల కారు పట్టుకోవడంపై వివాదం నడిచింది. మితిమీరిన జరిమానాలపై రాజ్యాంగ నిషేధం రాష్ట్రాలకూ వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. తప్పుకూ జప్తుకూ పొంతన ఉండాలన్న ఈ కొలత మన చట్టాల్లో ఆ పేరుతో లేకపోయినా, రేషన్ బియ్యం బండికిచ్చిన జరిమానా వెసులుబాటులో దాని నీడ కనిపిస్తుంది.

ఆస్తి బాధితులదైతే

జప్తును సవాలు చేసేది ఎప్పుడూ నిందితుడే కాదు. జనం నుంచి డిపాజిట్లు వసూలు చేసి తిరిగివ్వని అగ్రిగోల్డ్ సంస్థ కేసు అందుకు తెలుగువాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ. ఈడీ లెక్క ప్రకారం 19 లక్షల మంది ఖాతాదారులు, 32 లక్షల ఖాతాలు, వసూలు చేసిన మొత్తం 6,380 కోట్లు. ఆంధ్రప్రదేశ్ డిపాజిటర్ల రక్షణ చట్టం 1999 కింద రాష్ట్ర ప్రభుత్వం ఆస్తులను అటాచ్ చేసింది. తర్వాత ఈడీ కూడా తన చట్టం కింద అటాచ్ చేసింది. ఒకే భూమి మీద రెండు తాళాలు పడ్డాయి. వాటిని అమ్మి డిపాజిటర్లకు పంచాలంటే రెండూ తెరవాలి. మనీ లాండరింగ్ చట్టంలోని 8వ సెక్షన్ 8వ ఉపసెక్షన్ బాధితులకు ఆస్తి తిరిగిచ్చే అధికారం ప్రత్యేక కోర్టుకు ఇస్తుంది. ఆ దారిన 2025 ఫిబ్రవరిలో 3,339 కోట్ల విలువ కట్టిన స్థిరాస్తులను రాష్ట్రానికి అప్పగించినట్టు ఈడీ ప్రకటించింది. గుంటూరు జిల్లా చినకాకాని దగ్గరి హాయ్‌లాండ్ పార్కు కూడా అందులో ఉంది. జూన్‌లో మరో 611 కోట్ల విలువైనవి ఇచ్చారు. అప్పగింత జరిగిన రోజున డిపాజిటరు ఖాతాలో రూపాయి పడదు. వేలం వేయాలి, కొనేవాడు రావాలి, అభ్యంతరాలు తేలాలి. ఇళ్లలో దాచుకున్న బాండు పత్రాలతో డిపాజిటర్లు తమ వంతు కోసం ఎదురుచూడాలి.